జేబులో టార్చి: జీడితోట కాపలాకి ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడుకోవాలి

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాది చిన్న రిపేరు కొట్టు. ఒకప్పుడు రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాణ్ని. ఇప్పుడు ఫ్యాన్లు, మిక్సీలు, ఎల్‌ఈడీ బల్బులు, టార్చిలైట్లు. కొట్టుకి తెలుగువాళ్లొస్తారు, ఒడియావాళ్లొస్తారు, కొండల మీంచి సంతకి దిగే సవరవాళ్లూ వస్తారు. టార్చి పట్టుకొచ్చినప్పుడు మాత్రం అందరిదీ ఒకటే మాట: "మొన్ననే కొన్నాను, అప్పుడే ఆరిపోయింది."

కొట్టు కాక, కొండవాలులో నాకు ఎకరన్నర జీడితోట ఉంది. మార్చిలో పిక్క రాలడం మొదలైతే మే దాకా వారంలో మూడు నాలుగు రాత్రులు నా పడక అక్కడే. పిక్కలకి దొంగలొస్తారు, పళ్లకి ఎలుగుబంట్లొస్తాయి. దొంగ వెలుగు చూసి పారిపోతాడు. ఎలుగుతో అలా కాదు, దాని సంగతి తర్వాత చెబుతాను. రెండేళ్లుగా ఈ కాపలాకి ఒకటే చిన్న టార్చి వాడుతున్నాను. అది వాడుతూ, ఇతరులవి విప్పుతూ తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్నకి మూడు సెల్లుల ఎవరెడీ స్టీలు టార్చి ఉండేది. వెనక మూతలో ఒక స్పేరు బల్బు దాచేవాడు. సెల్లులు దిగిపోతే పిట్టగోడ మీద ఎండలో ఆరబెట్టేవాడు, వడియాల పక్కనే. వేడికి లోపలి రసాయనం కాస్త చురుకై ఇంకో పూట వెలిగేవి. ఆ అలవాటు మా ఇళ్లల్లో ఇంకా పోలేదు. ఇప్పటి లిథియం సెల్లుని మాత్రం పొరపాటున కూడా ఎండలో పెట్టకండి. దానికి ఎండ బలం కాదు, గండం.

చిన్న లైటు మీదకి నా మనసు పోయింది తిత్లీ తుఫాను తర్వాత. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. మా జిల్లా కొండల్లో వాగులు పొంగాయి, కొండచరియలు విరిగిపడ్డాయి. మా వీధికి తొమ్మిది రోజులు కరెంటు లేదు. అప్పుడు నా దగ్గరున్నది లెడ్ యాసిడ్ బ్యాటరీతో నడిచే, పిడి ఉన్న పెద్ద పెట్టె లైటు. ఏడాదిపాటు అటక మీద ఛార్జి లేకుండా పడి ఉంది కదా, రెండో రాత్రికే కన్ను మూసింది. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే లోపలి పలకలకి సల్ఫేటు పేరుకుని మళ్లీ ఛార్జి పట్టదు. నలుగురి లైట్లు బాగుచేసేవాడి ఇంట్లో కిరసనాయిలు బుడ్డి వెలిగించాల్సి వచ్చింది. మా ఆవిడ ఇప్పటికీ అది మర్చిపోలేదు, నన్ను మర్చిపోనివ్వదు.

నా లైటు సంగతి

నాలుగున్నర అంగుళాల పొడవు, బొటనవేలికన్నా కాస్త లావు. అల్యూమినియం ఒళ్లు, వెనక నొక్కుడు స్విచ్చి, లోపల 18650 అనే సైజు లిథియం సెల్లు ఒకే ఒకటి. ఆన్‌లైన్‌లో సెల్లుతో కలిపి 1,400 రూపాయలకి తెప్పించాను. చూసి మా బావమరిది, "ఏటి బావా, ఇంత సుద్దముక్కకి అంత డబ్బెట్టేవా" అన్నాడు. మూడు నెలలకి తనూ ఒకటి తెప్పించమన్నాడు. కంపెనీ పేరు రాయను. ఇలాంటి మోడళ్లు ఏడాది తిరక్కుండానే మారిపోతాయి. పేరు కన్నా ఏం చూసి కొనాలో తెలుసుకుంటే ఏ కంపెనీదైనా పట్టుకోవచ్చు.

దీనిలో నచ్చనివి కూడా ఉన్నాయి. ఛార్జింగు రంధ్రం మీది రబ్బరు మూత ఆరు నెలలకే సాగిపోయి ఊడి వేలాడింది. క్లిప్పు లుంగీ మడతకి ఆగదు, ప్యాంటు జేబుకైతే పరవాలేదు. గుండ్రంగా ఉంటుంది కాబట్టి మంచం మీద పెడితే దొర్లి కింద పడుతుంది. పడ్డప్పుడల్లా ఏమీ కాలేదు కానీ చీకట్లో వెతుక్కోవడం ఉందే, చేతిలో లైటు లేకుండా లైటుని వెతుక్కోవడం, అది చిరాకు.

పెట్టె మీద అంకెలు

సంతలో 250 రూపాయల టార్చి పెట్టె మీద "10000 ల్యూమెన్లు, 1 కిలోమీటరు" అని రాసి ఉంటుంది. ల్యూమెన్ అంటే లైటు ఇచ్చే వెలుగుకి కొలత. ఆ అంకెలు నమ్మాలో లేదో తేల్చుకోవడానికి చిన్న లెక్క ఒకటుంది. మంచి 18650 సెల్లులో 3000 మిల్లీఆంపియర్ అవర్ ఉంటుందనుకోండి. దాన్ని దాదాపు 3.6 వోల్టులతో హెచ్చిస్తే 11 వాట్ అవర్ల దగ్గర తేలుతుంది. ఇప్పటి మంచి ఎల్‌ఈడీ, దాని సర్క్యూటు కలిసి ఒక వాటుకి సుమారు 100 ల్యూమెన్లు ఇస్తాయి. అంటే సెల్లు మొత్తం మీద మన చేతికి వచ్చేది 1,100 ల్యూమెన్ గంటలు. 100 ల్యూమెన్లలో వాడితే 10, 11 గంటలు. 1,000లో వాడితే గంట. ఒక్క సెల్లుతో "1000 ల్యూమెన్లు, 12 గంటలు" అని రాసి ఉంటే రెండింటిలో ఒకటి అబద్ధం. ఒక్కోసారి రెండూ.

పేరున్న కంపెనీలు పెట్టె మీద ఎఫ్‌ఎల్1 అనే కొలత గుర్తులు వేస్తాయి. ఆ పద్ధతిలో ల్యూమెన్లని లైటు వెలిగించిన 30 సెకన్ల తర్వాత కొలుస్తారు, మొదటి మెరుపుని కాదు. ఎన్ని గంటలు వెలుగుతుందన్నది, వెలుగు మొదట ఉన్నదానిలో పదో వంతుకి పడిపోయేదాకా లెక్క. కాబట్టి "5 గంటలు" అని ఉంటే ఐదు గంటలూ ఒకే వెలుగు ఉంటుందని అనుకోకండి. దూరం లెక్క ఇంకా తమాషా. అక్కడ పడే వెలుగు 0.25 లక్స్‌కి, అంటే దాదాపు నిండు పున్నమి వెన్నెలంతకి తగ్గే చోటు వరకు దూరం లెక్కిస్తారు. 200 మీటర్లని రాసి ఉంటే ఆ 200వ మీటరు దగ్గర మీకు కనపడేది పున్నమి రాత్రి కనపడినంతే. అక్కడున్నది దున్నో, ఎలుగో గుర్తు పట్టాలంటే ఆ దూరంలో సగమే నమ్ముకోండి.

ల్యూమెన్లంటే మొత్తం వెలుగు. క్యాండెలా అంటే అది ఒకవైపుకి ఎంత గట్టిగా గుచ్చుకుంటుందన్నది. క్యాండెలా సంఖ్యకి వర్గమూలం తీసి రెండుతో హెచ్చిస్తే మీటర్లలో దూరం వస్తుంది. 10,000 క్యాండెలాలంటే 200 మీటర్లు. మా తోటలో చెట్ల కొమ్మలు నేలకి వంగి ఉంటాయి, 30 మీటర్ల అవతల ఆకులే తప్ప ఏమీ కనపడదు. అక్కడ దూరం పోయే లైటెందుకు? వెలుగు వెడల్పుగా పరుచుకోవాలి. మహేంద్రతనయ నది ఒడ్డున పొలం ఉండి, గట్టు మీంచి అవతలి మోటారు షెడ్డు చూసుకోవాల్సినవాడికైతే దూరం కావాలి. వాడికి నా లైటు పనికిరాదు.

ఇక టర్బో, అంటే లైటులో అన్నిటికన్నా ఎక్కువ వెలుగిచ్చే మోడ్. వేలెడంత లైటు 1,000 ల్యూమెన్లు ఇస్తే ఆ వేడి పోవడానికి చోటేదీ? ఒకటి రెండు నిమిషాల్లో తనంతట తనే తగ్గిపోతుంది. అది లోపం కాదు, కాలిపోకుండా కాపాడుకోవడం. దీన్ని "పాడైంది" అని పట్టుకొచ్చేవాళ్లు నెలకి ఒకరైనా ఉంటారు. నేను డబ్బులు తీసుకోను, టీ తాగిస్తే చాలంటాను.

సెల్లు

టార్చి మీద ఎంత ఖర్చుపెట్టినా లోపల దొంగ సెల్లు ఉంటే అంతే సంగతులు. 18650 అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా గుండ్రటి ఆకారానికి. ఈ సైజులో నిజమైన సెల్లు 3,500 మిల్లీఆంపియర్ అవర్ దగ్గరికి వచ్చేసరికే గొప్ప. రేపరు మీద 9,800 అని ఉంటే అచ్చు వేసినవాడి ధైర్యానికి దండం పెట్టి పక్కన పెట్టేయండి. ఇంకో సులువైన పరీక్ష తూకం. అసలు సెల్లు 45 గ్రాముల పైచిలుకు తూగుతుంది. మా వీధి కంసాలి త్రాసులో ఒకసారి నాలుగు దొంగ సెల్లులు తూచాం. ఒక్కటీ 30 దాటలేదు. ఒకదాన్ని విప్పితే లోపల ఇంకా చిన్న సెల్లు, చుట్టూ తెల్లటి పొడి.

నిండుగా ఛార్జయితే 4.2 వోల్టులు. మల్టీమీటరులో 3 వోల్టుల కిందకి దిగిందంటే ఛార్జి పెట్టే వేళ దాటిందని అర్థం. బాగా కిందకి జారి నెలలు పడి ఉన్న సెల్లుని మళ్లీ లేపాలని చూడొద్దు. రేపరు చిరిగితే మార్చండి. ఆ లోహపు డబ్బా మొత్తం నెగటివే, దానికీ పాజిటివ్ బొడిపెకీ మధ్య అడ్డుగా ఉన్నది సన్నటి అంచు మాత్రమే. విడి సెల్లుని తాళాలు, చిల్లర ఉన్న జేబులో వేసుకుంటే షార్టయి తొడ కాలుతుంది. సెల్లులకి ప్లాస్టిక్ డబ్బాలు దొరుకుతాయి, 30, 40 రూపాయలు.

కొండ మీద పనిచేసే టీచర్లు, నర్సమ్మలు నన్నడిగితే మాత్రం 18650 కొనమని చెప్పను. మామూలు ఏఏ పెన్సిల్ సెల్లుతో నడిచేది తీసుకోమంటాను. వెలుగు తక్కువే. కానీ కరెంటు మూడు రోజులు రాకపోయినా ఊరి చివరి కిరాణా కొట్టులో ఆ సెల్లు దొరుకుతుంది. వాళ్లకొక హెచ్చరిక. అదే సైజులో 14500 అని లిథియం సెల్లు ఒకటుంది. కొలతల్లో ఏఏ లాగే ఉంటుంది కానీ 1.5 వోల్టులు కాదు, నిండుగా ఉంటే 4.2. రెండూ పడతాయని కంపెనీ చెప్పిన లైటులో తప్ప వేయకండి. అలా వేసి సర్క్యూటు మాడ్చుకున్న లైట్లు నా డ్రాయరులో మూడున్నాయి.

ఛార్జింగు వైరు గురించి ఒక మాట. కిందటేడు ఒకాయన కాశీనగర్ నుంచి బస్సెక్కి వచ్చాడు, కొత్త లైటు ఛార్జి ఎక్కడం లేదని. చూస్తే రెండు చివర్లా టైప్ సి ఉన్న ఫోను వైరుతో పెడుతున్నాడు. చవక లైట్లలో చాలా వాటికి టైప్ సి రంధ్రం ఉంటుంది కానీ, ఇటువైపు ఒక పరికరం ఉందని ఛార్జరుకి చెప్పే చిన్న రెసిస్టర్లు వేయరు. ఛార్జరు కరెంటు పంపదు. ఒక చివర పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న వైరు పెట్టగానే ఎర్ర లైటు వెలిగింది. ఆయన బస్సు ఛార్జీలకి బాధపడ్డాడు. మీ లైటు పారేసే ముందు వైరు మార్చి చూడండి.

కొన్న రాత్రే చేయాల్సినవి

వెనక్కి పంపే గడువు ముగియకముందే ఇంట్లోనే చూసుకోవాలి. దీపాలన్నీ ఆర్పి తెల్లగోడకి రెండు మీటర్ల దూరంలో పట్టండి. మధ్యలో ముద్దలా ప్రకాశం, చుట్టూ పలచటి వెలుగు కనపడతాయి. మధ్య ముద్ద మరీ చిన్నదై చుట్టూ చీకటిగా ఉంటే నడకకి అది ఇబ్బంది. చీకట్లో గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుంది.

తర్వాత రంగు. దీని మీద కొంచెం ఎక్కువ చెబుతాను, ఎవరూ పట్టించుకోరు కాబట్టి. పళ్లెంలో ఎండుమిరపకాయలు, చింతపండు, బెల్లం ముక్క, రెండు ఎండుటాకులు పెట్టి లైటు వేసి చూడండి. నీలంగా కొట్టే తెల్ల వెలుగులో చింతపండు, బెల్లం, ఆకు మూడూ ఒకే బూడిదరంగు ముద్దలా ఉంటాయి. మంచి లైటులో మిరపకాయ ఎర్రగా, బెల్లం బెల్లంలా కనపడుతుంది. పెట్టె మీద సీఆర్‌ఐ (రంగులు ఎంత అసలుగా కనపడతాయో చెప్పే అంకె) 90 అని, వెలుగు రంగు 4000 నుంచి 5000 కెల్విన్ అని ఉంటే ఇలా వస్తుంది. నీలంగా కొట్టే 6500 కెల్విన్, సీఆర్‌ఐ 70 లైటు అదే కరెంటుకి కాస్త ఎక్కువ వెలుగిస్తుంది, అందుకే అందరూ అదే అమ్ముతారు. కానీ జీడిచెట్టు కింద నేలంతా గోధుమరంగు ఎండుటాకే. రాలిన పిక్క దానిలో కలిసిపోతుంది. రక్తపింజర కూడా సరిగ్గా అలాగే కలిసిపోతుంది. నేను 100 ల్యూమెన్లు వదులుకుని రంగు కొనుక్కున్నాను. పాత నీలం లైటుతో ఒకసారి, అర అడుగు దూరంలోకి వచ్చేదాకా రక్తపింజరని మెలికల వేరనుకున్నాను.

మూడోది మినుకు. తక్కువ వెలుగు మోడ్‌లో పెట్టి దాని ముందు చెయ్యి గబగబా ఊపండి. వేళ్లు ముక్కలు ముక్కలుగా, సినిమా రీలులా కనపడితే లైటు వేగంగా ఆరి వెలుగుతోందన్నమాట. ఫోను కెమెరాలో అయితే నల్ల చారలు పడతాయి. కొందరికి పట్టింపు ఉండదు. నాకు గంటసేపు వాడితే తలనొప్పి.

నీటి పరీక్ష. ఐపీఎక్స్4 అంటే చినుకులకి ఆగుతుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతులో అరగంట. ఏడని రాసి ఉంటే బకెట్టు నీళ్లలో అరగంట వేసి తీసి, తుడిచి, వెలిగించి అద్దం లోపలి వైపు చూడండి. ఆవిరి పట్టిందంటే నీరు దూరింది. ముందు సెల్లు తీసేసి ఈ పరీక్ష చేస్తే నష్టం తక్కువ, వెనక మూత విప్పితే తడి తెలిసిపోతుంది. ఛార్జింగు రంధ్రం మూత గట్టిగా నొక్కారో లేదో రెండుసార్లు చూసుకోండి.

గంటల లెక్క కూడా ఒకసారి చూసుకోవాలి. నిండా ఛార్జి చేసి, మీరు రోజూ వాడే మోడ్‌లో సాయంత్రం ఆరింటికి వెలిగించి వదిలేయండి. నాది మధ్య మోడ్‌లో తెల్లవారి మూడున్నర దాకా ఉంది. ఆ అంకె తెలిస్తే రాత్రిళ్లు టెన్షన్ ఉండదు.

నడక, కాపలా

తోటలో నడవడానికి నేను వాడేది 30, 40 ల్యూమెన్లు. అంతే. ఎక్కువ వెలుగు వేస్తే కాలి దగ్గర తెల్లగా మెరిసి దాని అవతల ఇంకా నల్లగా కనపడుతుంది. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి టర్బో నొక్కితే ఆ అరగంటా పోయినట్టే. అందుకే కొనేటప్పుడు అన్నిటికన్నా కింది మోడ్ ఎంత తక్కువో చూడండి. పై మోడ్ ఎంత ఎక్కువో అందరూ చూస్తారు. వెలిగించగానే తక్కువ మోడ్‌తో మొదలయ్యే లైటు అయితే ఇంకా మంచిది. నాది చివర వాడిన మోడ్‌ని గుర్తుపెట్టుకుంటుంది, కాబట్టి ఆర్పే ముందు తక్కువలోకి తెచ్చి ఆర్పడం అలవాటు చేసుకున్నాను.

లైటుని నడుము ఎత్తులో, రెండు మూడు మీటర్ల ముందుకి వాలుగా పట్టండి. అలా పడితే రాయికి, వేరుకి, గుంతకి నీడ వస్తుంది, ఎత్తుపల్లాలు తెలుస్తాయి. తలకి కట్టుకునే లైటుతో ఆ నీడలు మన చూపుకి వెనకే పడి కనపడవు, నేల చదునుగా అనిపిస్తుంది. బూట్లు వేసుకోండి, చేతిలో కర్ర ఉండాలి. కట్లపాము తిరిగేది రాత్రిళ్లే. ఒకవేళ పాము కరిస్తే తాడు కట్టడాలు, బ్లేడుతో కోయడాలు వద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవడమే.

తోటలో ఏముందో చూడాలంటే లైటుని కణత పక్కకి, కంటి ఎత్తుకి తెచ్చి మెల్లగా తిప్పండి. కొన్ని జంతువుల కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. అది వెలుగుని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది, కాబట్టి లైటు మన కంటి పక్కన ఉంటేనే ఆ మెరుపు మనకి కనపడుతుంది. ఆవు, నక్క, కుక్క, ఎలుగు కళ్లు అలా దొరికిపోతాయి. అడవిపందికి ఆ పొర లేదు. కళ్లు మెరవలేదు కదా అని నిశ్చింతగా పోతే పంది ఎదురుగా ఉంటుంది. పాము కళ్లు కూడా అలా మెరవవు.

ఎలుగు కనపడితే దాని ముఖాన టర్బో కొట్టి దగ్గరికి పోవడం మగతనం కాదు, తెలివితక్కువతనం. దానికి చూపు అంతంత మాత్రమే. ఉలిక్కిపడితే మీద పడుతుంది. నేను చేసేదేంటంటే, తోటలోకి అడుగుపెట్టే ముందే గట్టిగా దగ్గుతాను, కర్రతో రేకు డబ్బా వాయిస్తాను. ఎదురుపడితే లైటు దాని ముందు నేల మీదకి వాల్చి, వీపు చూపించకుండా వెనక్కి నడుస్తాను, అది పోయే దారి వదిలేసి. ఇప్పటికి రెండుసార్లు అలా జరిగింది. రెండుసార్లూ పళ్లు తినడం మానకుండానే నావైపు చూసింది.

లైటు పట్టుకుని అడవి హద్దు దాటి తిరగకండి. వేటగాళ్లనుకుంటారు, అనుకోవడంలో తప్పూ లేదు.

శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కేవాళ్లకి ఇంకో సంగతి. కొండ 1,501 మీటర్లు, పైన మంచు దట్టంగా దిగుతుంది. మొదటిసారి నేను మేనల్లుడి ముందు గొప్పకి పోయి టర్బో వేశాను. ఎదురుగా తెల్లటి దుప్పటి కట్టినట్టు అయిపోయింది, కాలు కూడా కనపడలేదు. మంచులోని నీటి తుంపరలు వెలుగుని మన కంటిమీదకే తిప్పికొడతాయి. మంచులో లైటుని కంటికి ఎంత దూరంగా, ఎంత కిందకి పడితే అంత మేలు. మోకాలి దగ్గర, తక్కువ మోడ్‌లో. తలలైటు ఉన్నవాళ్లు దాన్ని తీసి చేత్తో పట్టుకోండి. ముందు నడిచేవాడి ముఖంలో వేయకండి, వెనక్కి తిరిగినప్పుడల్లా వాడు మిమ్మల్ని తిడతాడు.

కరెంటు పోయిన ఇంట్లో అయితే లైటుని నిలువుగా పెట్టి తెల్ల స్లాబుకి కొట్టండి. గదంతా మెత్తటి వెలుగు పరుచుకుంటుంది, కళ్లలో గుచ్చుకోదు. వెనక స్విచ్చి ఉబ్బుగా ఉండే లైట్లు నిలబడవు, గ్లాసులో నిలబెట్టాలి. పెంకుటిల్లయితే లైటు మీద నీళ్లు నింపిన ప్లాస్టిక్ సీసా పెట్టి చూడండి.

జేబులో వెలిగితే

మా మేనల్లుడు బరంపురం బస్సులో నిద్రపోయాడు. జేబులో లైటు స్విచ్చి నొక్కుకుపోయి వెలిగింది. టెరికాటన్ ప్యాంటు, లోపల గుడ్డ కరిగి అద్దానికి అంటుకుపోయింది, తొడ మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. అందుకని జేబులో వేసుకునే ముందు వెనక మూతని పావు చుట్టు వదులు చేయండి. మూత బిగించే మరల మీద నల్లటి పూత ఉన్న లైట్లలో అలా చేస్తే కరెంటు దారి తెగిపోతుంది, స్విచ్చి నొక్కినా వెలగదు. వదులు చేశాక ఒకసారి నొక్కి చూసుకోండి. వెలిగిందంటే మరలకి పూత లేదు, మీ లైటుకి ఈ చిట్కా పారదు. పక్క స్విచ్చి ఉన్న లైట్లు ఆర్పి ఉన్నా కొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు వాటి మూత వదులు చేయడం రెండు విధాలా మంచిది.

శుభ్రం

ఇందులో పెద్దగా చెప్పేదేం లేదు. మూత తిప్పితే కరకరమంటే ఇసుక చేరిందని. పాత బనియను గుడ్డతో మరలు తుడిచి, నల్ల రబ్బరు రింగుకి సిలికాన్ గ్రీజు చుక్క రాయండి. కొబ్బరినూనె, వాజిలిన్, బండి గ్రీజు రాయకండి, రకాన్ని బట్టి రబ్బరు ఉబ్బుతుంది. స్ప్రింగు, సెల్లు తాకే చోటు దూదికి స్పిరిట్ అద్ది తుడిస్తే సగం "పాడైన" లైట్లు బాగవుతాయి. మా కొట్టులో ఎక్కువ సంపాదన ఆ దూది ముక్కతోనే, చెప్పకూడదు గానీ.

జూన్ తర్వాత తోట పని తగ్గుతుంది. లైటుని నిండుగానూ కాదు, ఖాళీగానూ కాదు, సగం ఛార్జితో పెడతాను. మే ఎండల్లో బండి డిక్కీలో వదలను. కింద పడి సొట్ట పడ్డ సెల్లు, వేడెక్కే సెల్లు ఎంత కొత్తదైనా మళ్లీ ఛార్జి పెట్టను. పొయ్యిలోనో చెత్తకుప్పలోనో కాకుండా పాత ఎలక్ట్రానిక్స్ తీసుకునేవాళ్లకి ఇస్తాను. ఛార్జింగు ఎప్పుడూ సిమెంటు గట్టు మీదే, పరుపు మీద కాదు, మేం మెలకువగా ఉన్నప్పుడే.

కాపలా రోజుల్లో ఛార్జి లెక్క గుర్తుండక, ప్రతి అమావాస్యకీ పున్నమికీ పెడతానని నియమం పెట్టుకున్నాను. ఊడిపోయిన ఛార్జింగు మూతకి సైకిలు ట్యూబు ముక్క కోసి రింగులా తొడిగాను. నీళ్లు ఆగుతున్నాయి, కాకపోతే చూడ్డానికి బాగోదు. దొర్లకుండా లైటు తలకి రబ్బరు బ్యాండు, వెనక రంధ్రానికి ఎర్ర నైలాన్ తాడు. తాడు చివర రేడియం స్టిక్కరు అతికించింది మా ఆవిడ. ఇప్పుడది తలుపు పక్క మేకుకి వేలాడుతుంది. నేను తోటకి బయల్దేరే వేళకి ఒక్కోసారి మేకు ఖాళీగా ఉంటుంది. పెరట్లో గేదె దగ్గరికి వెళ్లడానికి తనే తీసుకుపోయి ఉంటుంది.